పాత టేకు కుర్చీ బాగుచేయడం: కుసి నుంచి లక్క పాలిష్ దాకా

1950, 60ల్లో చేయించిన టేకు కుర్చీలు, రాతబల్లలు, ఏటవాలు కాళ్ల టీపాయ్‌లు, పేము అల్లిన పడక కుర్చీలు నెల్లూరు, ఒంగోలు వైపు పాత ఇళ్లలో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. అటక మీదో, వసారా మూలనో పడి ఉంటాయి. వాటిలో వయసు మీదపడి పాడైనవి తక్కువ. ఊగుతున్న కాలికి దిగ్గొట్టిన ఇనప మేకు, పాత బంక మీదే పోసిన ఫెవికాల్, మంచి పాలిష్ మీద పూసిన ఎనామిల్ రంగు, ఈ మూడూ చేసిన చెరుపు డెబ్భై ఏళ్ల వాడకం కూడా చేయలేదు. అందుకే ఈ పనికంతటికీ నియమం ఒక్కటే: ఈరోజు మీరు చేసే మరమ్మతును రేపు ఇంకొకరు చెక్కకు దెబ్బ తగలకుండా విప్పగలగాలి. బంకైనా, స్క్రూ అయినా, పాలిష్ అయినా ఆ లెక్కన ఎంచుకోండి.

ఇక్కడ చేతుల కుర్చీని ఉదాహరణగా తీసుకున్నాం. కుర్చీ చేయడం వస్తే బల్ల, బీరువా దానికంటే తేలికే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మన జిల్లాలకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ మూడు నెలలూ లక్క పాలిష్ (స్పిరిట్‌లో కరిగించిన లక్క) జోలికి వెళ్లొద్దు. స్పిరిట్ ఆరేటప్పుడు చెక్క పైభాగం చల్లబడుతుంది, గాలిలోని తేమ అక్కడ చేరి పాలిష్ పాలపొరలా తెల్లబారుతుంది. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఏప్రిల్ లోపు ముగించడం మేలు. రోహిణి కార్తె ఎండల్లో ఇంకో ఇబ్బంది: స్పిరిట్ గుడ్డలోనే ఆరిపోయి, చేయి జారకుండా పట్టేస్తుంది. తప్పనిసరైతే పొద్దున పదిలోపు చేయండి. కొత్తపట్నం, సింగరాయకొండ, రామాయపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో సాయంత్రం గాలి తిరిగాక పాలిష్ పట్టకండి. మార్కాపురం, కనిగిరి, పొదిలి వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇంత పట్టింపు అక్కర్లేదు.

వానాకాలంలో సొరుగు బిగుసుకుపోతే వెంటనే చిత్రిక పట్టించడం ఇంకో పొరపాటు. చెక్క తేమ పీల్చి ఉబ్బింది, అంతే. నవంబరులో పట్టించిన సొరుగు మే నెలకి వదులై లొడలొడలాడుతుంది. అంచులకు కొవ్వొత్తి మైనం రుద్ది ఫిబ్రవరి దాకా ఆగండి. అప్పటికీ పట్టేస్తుంటే అప్పుడు చిత్రిక తీయండి.

ముందు చూడాల్సినవి

కుర్చీని తిరగేయండి. అడుగున పాలిష్ పట్టని చోటే చెక్క సంగతి తెలుస్తుంది. టేకు అయితే లేత గోధుమ నుంచి బంగారు రంగు, తాకితే కాస్త జిడ్డు, గీకితే తోలు వాసన. ఇరుగుడు అయితే ఊదా కలిసిన ముదురు గోధుమ, చేతికి బరువు. మామిడి చెక్క అయితే పాలిపోయి ఉంటుంది, పుచ్చు కూడా తొందరగా పడుతుంది. టేకులోనూ చేవను, అంటే నడిమి గట్టి చెక్కను, పురుగు ముట్టదు గానీ, అంచుల్లో తెల్లగా ఉండే మెత్త భాగాన్ని తినేస్తుంది. పాత కుర్చీల్లో వెనక కాళ్ల లోపలి అంచునే ఎక్కువగా ఆ తెల్ల చెక్క ఉంటుంది. అక్కడ వేలితో నొక్కి చూడండి.

పుచ్చు పురుగు బతికి ఉందా పోయిందా అన్నది ముఖ్యం. బెజ్జాల కింద నల్ల కాగితం పరిచి వారం వదిలేయండి. లేత రంగు పిండి కొత్తగా రాలితే బతికి ఉన్నట్టు. రాలకపోతే ఆ బెజ్జాలు పాతవి, పూడ్చుకుంటే చాలు. బతికి ఉంటే పాలిష్ తీశాకే మందు వేయాలి, పాలిష్ మీద పూసింది లోపలికి ఇంకదు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే స్పిరిట్ లేదా ఆయిల్ ఆధారిత వుడ్ ప్రిజర్వేటివ్‌ను సిరంజితో ఒక్కో బెజ్జంలోకి ఎక్కించి, బయట బ్రష్‌తో రెండు పూతలు వేసి, మూడు రోజులు ప్లాస్టిక్ షీటు చుట్టి ఉంచండి. తర్వాత రెండు వారాలు గాలికి ఆరనివ్వాలి, లేకపోతే పైన పాలిష్ పట్టదు. చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాల్సిందే. ధాన్యం బస్తాల్లో వేసే బిళ్లలు కొందరు బీరువాల్లో పెడుతుంటారు. అవి వదిలే గాలి మనుషుల్ని చంపుతుంది. ఇంట్లో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

పేము బెజ్జాల్లో నల్లులు ఉంటాయి. పాత పేము తీసేసేదే అయితే బెజ్జాలన్నిటిలో మరిగే నీళ్లు పోస్తే సరి. పోసింది బాగా ఆరాకే మిగతా పని.

ఇక పాలిష్ పరీక్ష. కనపడని చోట దూదికి స్పిరిట్ అద్ది నిమిషం పాటు ఆనించి ఉంచండి. గోధుమ రంగులో జిగురుగా కరిగితే అది లక్క పాలిష్. ఆ కాలపు కుర్చీల్లో చాలావాటికి ఇదే ఉంటుంది. స్పిరిట్‌కి కదలక ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌కి కరిగితే అది లక్కర్ అనే వేరే పూత. రెండింటికీ కరగకపోతే వార్నిషో, ఎనామిల్ రంగో. లక్క అని తేలితే మీ పని సగం తగ్గినట్టే, ఎందుకంటే మొత్తం గీకాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. దుమ్ము, జిడ్డు పోయేలా గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు కలిపి, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, ఆరాక స్పిరిట్ తడిపిన మెత్తటి గుడ్డతో పైపైన రుద్దితే పాత లక్కే కదిలి మళ్లీ సమంగా పరుచుకుంటుంది. దాని మీద రెండు పూతలు కొత్త లక్క వేస్తే చాలు. ఏళ్ల తరబడి చేతులు ఆని నునుపెక్కిన ఆ రంగును గరుకు కాగితంతో గీకి పారేశాక మళ్లీ తెప్పించలేరు. కొనేవాళ్లు కూడా అసలు పాలిష్ నిలిచిన వస్తువుకే ఎక్కువ ఇస్తారు. 1950ల్లో చండీగఢ్ కోసం వాస్తుశిల్పి పియర్ జన్నరే రూపొందించిన కుర్చీలూ టేకు, పేముతో చేసినవే. ఒకప్పుడు ఆఫీసు తుక్కు కింద వేలంలో పోయిన వాటికి ఇప్పుడు విదేశాల్లో లక్షలు పలుకుతున్నాయి.

కుసులు విప్పడం, అతకడం

కుర్చీ ఊగుతోందంటే కుసి, అంటే ఇంకో ముక్క బెజ్జంలో దిగేలా సన్నగా చెక్కిన కొన, బంక వదిలిందని అర్థం. మేకు కొడితే నెల రోజులు ఆగుతుంది, ఆ తర్వాత కుసి మేకు దగ్గరే చీలుతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో మేకు తుప్పు పట్టి ఉబ్బి చెక్కను లోపలి నుంచి పగలగొడుతుంది, చుట్టూ నల్ల మచ్చ కూడా వేస్తుంది. కాబట్టి వదులైన అతుకును పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, మళ్లీ అతకడమే దారి.

విప్పే ముందు ప్రతి ముక్క మీదా మాస్కింగ్ టేపు అంటించి పెన్సిల్‌తో గుర్తు రాయండి: ముందు ఎడమ, వెనక కుడి, పై అడ్డపట్టీ, ఇలా. రెండు వైపులా ఒకేలా కనిపించినా చేత్తో చేసిన కుర్చీల్లో ఏ కుసి దాని బెజ్జానికే సరిపోతుంది. అడ్డంగా కొట్టిన మేకులూ వెదురు మేకులూ ఉన్నాయేమో వెతికి ముందు వాటిని తీయాలి. ఇది మరిచి సుత్తి ఎత్తితే కాలు చీలడం ఖాయం.

బంక ఏదో చూసుకోండి. ఫెవికాల్ వచ్చింది 1959లో. అంతకుముందు, ఆ తర్వాత కొన్నేళ్లు కూడా, వడ్రంగులు వాడింది జంతువుల చర్మం, ఎముకలతో చేసిన వజ్రం బంక. గీకితే తేనె రంగులో గాజులా పెళుసుగా రాలుతుంది, తడివేలు పెడితే జిగురొస్తుంది. వజ్రం అయితే సిరంజితో వేడినీళ్లు అతుకులోకి ఎక్కించి పది పదిహేను నిమిషాలు ఆగి, చెక్క దిమ్మె అడ్డం పెట్టి రబ్బరు సుత్తితో తట్టండి. రాకపోతే మళ్లీ వేడినీళ్లే గానీ బలం కాదు. తడిపితే తెల్లబడి రబ్బరులా సాగేది ఫెవికాల్. దానికి వేడి చేసిన వెనిగర్ పనిచేస్తుంది. విప్పుతున్నప్పుడు గమనించండి: గట్టిగా ఉన్న అతుకుల్ని కదపొద్దు. ఎనిమిదిలో రెండే వదిలితే ఆ రెండే విప్పాలి.

విప్పిన కుసి మీద, బెజ్జం లోపల పాత బంక చిన్న ముక్క కూడా మిగలకూడదు. ఫెవికాల్ చెక్కలోకి ఇంకితేనే పడుతుంది, పాత బంక మీద పోస్తే పొరలా ఊడొస్తుంది. ఉలితో గీకండి, కానీ చెక్కను కోయకండి. కుసి అర మిల్లీమీటరు సన్నబడినా అతుకు వదులే. టేకుకు సహజంగా నూనె ఉంటుంది కాబట్టి బంక పెట్టే ముందు కుసిని అసిటోన్‌తో తుడిచి, పది నిమిషాల్లోపే బంక రాయండి.

ఇప్పుడు బంక లేకుండా ఒకసారి బిగించి చూడండి. కుసి చేత్తో నెడితే కొంచెం పట్టుగా దిగాలి. దానంతటదే జారితే ఖాళీ ఉన్నట్టు, ఆ ఖాళీని బంక పూడ్చలేదు. టేకు మీద చిత్రిక పట్టినప్పుడు వచ్చే పల్చటి పొట్టును కుసి బుగ్గలకు (వెడల్పు పక్కలకు) బంకతో అంటించి, ఆరాక సరిపడా గీకి దింపండి. రెండు వైపులా సమంగా అంటించాలి, లేకపోతే కుర్చీ ఒక పక్కకు తిరుగుతుంది. కుసి విరిగిపోయి ఉంటే రెండు ముక్కల్లోనూ 10 మి.మీ. బెజ్జం 32 మి.మీ. లోతుకు వేసి, 60 మి.మీ. పొడవున్న టేకు కొయ్య మేకు దించండి. మేకు ఒళ్లంతా పొడవునా ఒక గాడి గీయాలి. గాడి లేకపోతే లోపల ఇరుక్కున్న గాలి, బంక బయటికి రాలేక చెక్కను చీల్చేస్తాయి. చెక్క ముక్కకు కొత్త టేకు కాకుండా, పడగొట్టిన ఇళ్ల పాత తలుపులు, దూలాలు అమ్మే చోట వెతకండి. ఎప్పుడో ఆరిపోయిన చెక్క ఇక మెలి తిరగదు, రంగూ కలుస్తుంది.

బంక కుసికీ బెజ్జానికీ రెండింటికీ పల్చగా రాయండి. సముద్రం పక్క ఊరైతే నీటిని తట్టుకునే మెరైన్ రకం తీసుకోండి. అరాల్డైట్, ఫెవిక్విక్ లాంటివి అతుకుల్లో వాడొద్దు. అరాల్డైట్ పెట్టిన అతుకును చెక్క విరగకుండా విప్పడం దాదాపు కుదరదు, ఫెవిక్విక్ పెళుసు, కూర్చున్న ఊపుకే పగులుతుంది. క్లాంపులు లేకపోతే నూలు తాడు రెండు చుట్లు కుర్చీ చుట్టూ తిప్పి, మధ్యలో పుల్ల పెట్టి మెలితిప్పి బిగించండి. తాడు ఒరుసుకునే చోట గుడ్డ మడిచి పెట్టాలి. బిగించగానే సీటు చట్రం ఒక మూల నుంచి ఎదురు మూలకి టేపుతో కొలవండి, రెండు కొలతలూ ఒకటే రావాలి. నాలుగు కాళ్లూ చదునైన గచ్చు మీద ఆనుతున్నాయో లేదో అప్పుడే చూడాలి. గంట తర్వాత చూస్తే ఇక సర్దలేరు. బయటికొచ్చిన బంకను తడిగుడ్డతో అప్పటికప్పుడే తుడిచేయండి. ఆరిన బంక మరక మీద పాలిష్ పట్టక తెల్ల మచ్చగా నిలిచిపోతుంది. రాత్రంతా బిగించి ఉంచి, 24 గంటలు గడిచాకే కూర్చోవాలి.

పాత రంగు, మరకలు

ఎనామిల్ రంగు ఉంటే మొదటే జాగ్రత్త పడాలి. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉందనే అనుకోండి. పొడిగా గరుకు కాగితం పట్టి దుమ్ము లేపొద్దు. పెయింట్ రిమూవర్ పూసి, రంగు ముడతలు పడ్డాక గీకండి. పని ఆరుబయట చేయండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. కాస్టిక్ సోడా నీళ్లు చవకే గానీ టేకును నల్లబరుస్తాయి, అతుకుల్లో బంకనూ తినేస్తాయి.

లక్కనో వార్నిష్‌నో గీకాలంటే మన వడ్రంగులు వాడే గాజు పెంకుకు సాటి లేదు. కొత్తగా పగిలిన అంచుతో, నార (చెక్కలో పొడవునా సాగే గీతలు) వెంబడి, మీ వైపుకు లాగుతూ గీకితే చెక్క పోకుండా పాలిష్ మాత్రమే సన్నటి పొట్టుగా వస్తుంది. వేళ్లకు మందపాటి గుడ్డ చుట్టుకోండి. తర్వాత గరుకు కాగితం 120, 180, 220 నంబర్ల వరసలో, ముతక నుంచి మెత్తకి. ఒక అంకె దాటేస్తే దాని గీతలు పాలిష్ పడ్డాక బయటపడతాయి. అడ్డంగా రుద్దితే కూడా అంతే. 1960ల నాటి బల్లలు, రేడియో పెట్టెల పైన అతికించిన వెనీర్ పల్చటి పొర. దాని మీద రుద్దే మిషన్ పెట్టకండి, చేత్తో 220 కాగితం చాలు.

గుంట పడిన చోట తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె కాసేపు ఆనిస్తే నార ఉబ్బి పైకి లేస్తుంది. నార తెగి ఉంటే లేవదు. మేకుల నల్ల మరకలకు ఆగ్జాలిక్ యాసిడ్: అర లీటరు వేడినీళ్లకు 50 గ్రాములు, ప్లాస్టిక్ గిన్నెలో కలపాలి. మరక మీద మాత్రమే కాదు, ఆ పలక అంతా పూయండి, లేకపోతే మరక పోయిన చోట తెల్లటి దీవి మిగులుతుంది. ఆరాక మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి తుడవాలి. ఇది విషం. ఆరిన పొడి ముక్కులోకి పోకూడదు.

పాత ఇనప స్క్రూల స్థానంలో ఇత్తడివి వేయండి. ఇత్తడి మెత్తన కాబట్టి ముందు అదే సైజు ఇనప స్క్రూ ఎక్కించి తీసి, దారి చేసి, ఇత్తడి స్క్రూకి సబ్బు రాసి బిగించాలి. ఇత్తడి పిడులు, బందులు చింతపండుతో తోమవచ్చు, అయితే చెక్క నుంచి విప్పి తోమి, కడిగి ఆరబెట్టాకే బిగించండి.

పేము అల్లిక

సీటు చుట్టూ బెజ్జాలుంటే చేత్తో అల్లిన రకం. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య 12 మి.మీ. ఉంటే 2.25 నుంచి 2.5 మి.మీ. పేము సరిపోతుంది. మామూలు సీటుకు దాదాపు 75 మీటర్లు పడుతుంది. పాలిష్ పని మొత్తం అయ్యాకే అల్లాలి.

పేమును గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టండి. గంటలకొద్దీ నానితే బూడిద రంగు తిరుగుతుంది. ఒకేసారి అంతా కాకుండా రెండు మూడు పోగులే నానేయండి. మెరిసే వైపు ఎప్పుడూ పైకే ఉండాలి.

మొదటి వరస వెనక పట్టీ నడిమి బెజ్జం నుంచి ముందు పట్టీ నడిమి బెజ్జానికి, అక్కణ్ణుంచి రెండు పక్కలకీ. చివర్లు ఊడకుండా బెజ్జంలో చిన్న కొయ్య చీల గుచ్చండి. రెండో వరస ఎడమ నుంచి కుడికి, మొదటి వాటి మీదుగా ఊరికే పరవాలి. మూడోది మళ్లీ వెనక నుంచి ముందుకి, అవే బెజ్జాల్లో, మొదటి పోగుకు కాస్త కుడిగా, రెండో వరస పైనుంచి. నాలుగోది ఎడమ నుంచి కుడికి, ఇక్కడి నుంచే నిజమైన అల్లిక: మూడో వరస పైనుంచి, మొదటి వరస కిందుగా. అయిదు, ఆరు ఐమూల వరసలు. ఒకటి నిలువు జంటల కింద నుంచి అడ్డ జంటల పైగా, రెండోది దానికి తిరగేసి. సరిగ్గా వెళ్తుంటే పోగు జంటల మధ్య మూలలోకి జారి సుఖంగా నడుస్తుంది. ప్రతి దాటుకూ పట్టేస్తూ ఒరుసుకుంటుంటే కింద, పైన తారుమారయ్యాయని తెలుసుకుని అక్కడే విప్పండి. చివర అంచు వెంట వెడల్పు పేము వేసి బెజ్జాలు మూసేయాలి. మొదటి మూడు వరసలు మరీ బిగించొద్దు. అల్లిక పెరిగేకొద్దీ బిగుస్తుంది, ఆరాక ఇంకా బిగిసి డప్పులా మోగుతుంది. మొదట్లోనే లాగి కడితే ఐమూల పోగు దూరదు, లేదా ఆరేటప్పుడు బెజ్జాల మధ్య చెక్క చీలుతుంది.

లక్క పాలిష్

లీటరు స్పిరిట్‌కి 150 గ్రాముల లక్క పలుకులు. గాజు సీసాలో వేసి, అప్పుడప్పుడు కదుపుతూ రాత్రంతా ఉంచి, పల్చటి గుడ్డలో వడకట్టండి. ఇనప డబ్బాలో కలిపితే నల్లబడుతుంది. ఆరు నెలలు దాటిన పాలిష్ సరిగా ఆరదు, జిగురు జిగురుగా ఉండిపోతుంది. గాజు పలక మీద చుక్క వేసి చూడండి. గంటకు కూడా గోరు దిగుతుంటే పారబోయండి.

గుప్పెడు దూదిని పాత పంచె గుడ్డలో మూటగా కట్టాలి. పాలిష్ గుడ్డ మీద కాదు, మూట విప్పి దూదికి పోయాలి. పిండితే చెమర్చాలి గానీ కారకూడదు. మొదటి పూత నార వెంబడి. ఒక రోజు ఆరాక 320 కాగితంతో తేలిగ్గా రుద్ది, పుచ్చు బెజ్జాలు, మేకు బెజ్జాలు పూడ్చండి. చాక్ పొడిలో గేరు (ఎర్రమట్టి రంగు), పసుపు మట్టి రంగు కలిపి లక్కతో ముద్ద చేస్తే రంగు కలుస్తుంది. రంపపు పొట్టు, ఫెవికాల్ ముద్ద పాలిష్ తాగదు, ఎప్పటికీ మచ్చగానే కనిపిస్తుంది.

తర్వాత రోజూ ఒక విడత చొప్పున నాలుగైదు విడతలు. మూట అడుగున అవిసె నూనె ఒక్క చుక్క రాసి, చిన్న సున్నాలుగా, ఆపైన ఎనిమిది అంకెలా, చివర నిలువుగా తిప్పండి. మూటను చెక్క మీద ఆపొద్దు. ఆగిన చోట కింది పూతలు కరిగి గుంట పడుతుంది. పక్క నుంచి జారుతూ దిగాలి, జారుతూ లేవాలి. మూట పట్టేస్తుంటే ఇంకో చుక్క నూనె గానీ ఎక్కువ పాలిష్ కాదు. చివరి రోజు దాదాపు పొడిగా ఉన్న కొత్త గుడ్డకు స్పిరిట్ చెమర్చి ఒక్కసారి ఒరిపితే పైన మిగిలిన నూనె పోయి మెరుపు వస్తుంది. తెల్లబారితే కంగారుపడొద్దు, పొడి ఎండ ఉన్న రోజు అదే స్పిరిట్ గుడ్డతో తుడిస్తే పోతుంది. గీకిన టేకు మొదట పాలిపోయినట్టు, మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. నెలల్లో వెలుతురుకు అదే ముదురుతుంది కాబట్టి తొందరపడి ముదురు రంగు పట్టించకండి. భోజనాల బల్లకు మాత్రం లక్క వద్దు. వేడి గిన్నె పెట్టగానే తెల్ల వలయం పడుతుంది. అక్కడ పీయూ (పాలీయురెథేన్) పూత వేయక తప్పదు, విప్పగలగాలన్న నియమానికి అదొక్కటే మినహాయింపు.

అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. లోపల వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరబెట్టి పారేయండి. స్పిరిట్ పని చేసే గదిలో పొయ్యి, దీపం, బీడీ ఏవీ ఉండకూడదు.

పైమెరుపు నిలవడానికి మైనం చాలు. 100 గ్రాముల తేనె మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో పెట్టిన గిన్నెలో కరిగించి, పొయ్యి ఆర్పి దూరంగా తెచ్చాకే 300 మి.లీ. టర్పెంటైన్ కలపండి. పాలిష్ వేసిన నెల తర్వాత పల్చగా రాసి, అరగంటకు గుడ్డతో మెరిపించండి. ఆపైన ఏడాదికోసారి, వానలు వెనకబట్టాక.

రోజూ ఇల్లు తుడిచే తడి ముందుగా తగిలేది కాళ్ల అడుగులకే. ఆ కోసిన కొనలు నీళ్లు పీల్చి నల్లబడి కుళ్లుతాయి, చెదలు ఎక్కేదీ అక్కణ్ణుంచే. కుర్చీని తిరగేసి అడుగులకు మూడు పూతలు లక్క తాగించి, నైలాన్ బిళ్లలు బిగించండి. గోడకు ఆనించి పెట్టకుండా జానెడు ఎడం ఉంచితే, చెదలు దారి కట్టినా ముందే కంటపడుతుంది.